అత్తయ్య తిట్టని రోజులు

మా మామగారు ఎర్విన్ నలభై ఏళ్లు బనియన్ల మిల్లులో మెకానిక్‌గా చేశారు. అల్లిక మిషన్ పక్కన కళ్లు మూసుకుని నిలబడి, చప్పుడు విని, ఎక్కడ సూది వంగిందో చెప్పేసేవారు. అంతటి మనిషికీ ఇంట్లో మా అత్తయ్య ఫ్రీడా చేతిలో రోజూ తిట్లే. "ఆ బూట్లతోనే లోపలికొస్తావా? తుడిచింది మీ తాతనుకున్నావా?" అనేది. ఆయన నవ్వుకుంటూ విప్పేవారు.

జర్మనీలో మా ఆల్బ్ కొండల మీద ఒక మాట ఉంది: తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే. ఆ లెక్కన పాతికేళ్లలో అత్తయ్య నన్ను మెచ్చుకున్నది రెండే రెండుసార్లు. అందులో ఒకసారి ఆవిడకు గొంతు పోయింది.

అలాంటి మనిషి ఆ అక్టోబరులో నెమ్ము చేసి ఆసుపత్రిలో పడింది. ఇంటికైతే వచ్చింది కానీ నోరు అక్కడే వదిలేసి వచ్చినట్టుంది. ఏం పెట్టినా రెండు చెంచాలు తిని "బాగుంది, చాలు" అనేది. జబ్బు తగ్గింది, తిండి తినకపోతే మాత్రం మళ్లీ మంచం పడుతుంది అన్నాడు డాక్టరు. ఆ సాయంత్రం మామయ్య మెట్లెక్కి మా వాటాలోకి వచ్చారు.

"నిన్న బూట్లతో హాలంతా తిరిగానమ్మా. కావాలనే. ఏమీ అనలేదు."

"నీరసం కదా, మామయ్యా."

"గోల చేసే మిషన్‌ని బాగుచెయ్యొచ్చు. చప్పుడే లేనిదాన్ని ఏం చెయ్యను?"

ఆవిడ నోరు మూతపడాలని నేను ఎన్నిసార్లు మొక్కుకున్నానో దేవుడికే తెలుసు. నిజంగా మూతపడ్డాక భయం వేసింది.

శనివారం తనే వండుతానన్నారు మామయ్య. అత్తయ్య ప్రతి శనివారం చేసే వంటే, పొట్టు మసూరి పప్పూ సాసేజీలూ. పెళ్లయ్యాక ఆయన కోడిగుడ్డయినా ఉడకబెట్టి ఎరగరు. పిండిని సన్నటి పోగులుగా గీరి వేడినీళ్లలో ఉడికించే స్పెట్జ్‌లె మాత్రం నాకు అప్పగించారు. మధ్యాహ్నం ఆ గిన్నె పట్టుకుని దిగుతుంటే మెట్లమీదికే వెనిగర్ వాసన కొట్టింది.

"మామయ్యా, వెనిగర్ ఎప్పుడు పోశారు?"

"మొదట్లోనే. మీ అత్తయ్యకి పులుపు దండిగా ఉండాలి కదా."

"అక్షరాలా పప్పులో కాలేశారు! ఉడక్కముందే పులుపు పడితే ఇంకేం ఉడుకుతుంది?"

"అదే, రెండు గంటల్నించీ చూస్తున్నా," అన్నారు అమాయకంగా.

ఆయన ధ్యాసంతా పక్క పొయ్యి మీద ఉంది. అక్కడ వేడినీళ్లలో సాసేజీలు. నీళ్లు మరిగాయంటే వాటి తోలు చిట్లిపోతుంది. గిన్నెకు చెవి ఒగ్గి, గుయ్యిమనగానే మంట తగ్గిస్తున్నారు.

మళ్లీ వండే వ్యవధి లేదు. అత్తయ్య అప్పటికే శాలువా కప్పుకుని బల్ల దగ్గర కూర్చుంది, పక్కన మా ఆయన రాల్ఫ్. వడ్డించాను. ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. కరకర నమిలిన చప్పుడు అందరికీ వినిపించింది. మామయ్య కుర్చీ అంచు పట్టుకుని నిలబడిపోయారు. ఆవిడ చెంచా కింద పెట్టింది.

"ఎర్విన్."

"ఆ?"

"ఇది పప్పా, తుపాకీ గుళ్లా? వెనిగర్ ముందే పోశావు కదూ! యాభై మూడేళ్లు నా చేతి వంట తిన్నావు, ఒక్కనాడైనా గిన్నెలోకి తొంగి చూశావా?" నా వైపు తిరిగింది. "నువ్వేంటే గుడ్లప్పగించి చూస్తున్నావ్? పక్కనుండి చెప్పొద్దూ? ఇవి స్పెట్జ్‌లెనా, మోకులా? నా కొడుకు ఇన్నేళ్లూ ఎలా బతికాడో పాపం! ఎర్విన్, ఆ బూట్లేంటి? విప్పు ముందు!"

నాకు ఏడుపొచ్చింది. అంత హాయిగా నేనెప్పుడూ తిట్లు తినలేదు. రాల్ఫ్ తల వంచుకుని నవ్వుతున్నాడు. అత్తయ్య తిడుతూ తిడుతూనే ఒక సాసేజీ పూర్తిచేసి రెండోది కోస్తోంది.

మామయ్య బూట్లు చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లారు. వెనకే వెళ్లాను. గిన్నెలు తుడిచే గుడ్డతో కళ్లు తుడుచుకుంటున్నారు.

"పప్పుని తిట్టింది. నిన్ను తిట్టింది. బూట్లని తిట్టింది," అన్నారు వేళ్లు మడుస్తూ. తర్వాత గొంతు తగ్గించి నా చెవి దగ్గరికి వంగారు.

"సాసేజీల్ని ఏమీ అనలేదు, గమనించావా?"