ఆగు, అడిగొస్త

ఏది కావాలని అడిగినా మా పెద్దమ్మ నోట ఒకటే మాట వచ్చేది. "ఆగు, అడిగొస్త." పెద్దనాన్న పోయాక ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. నన్ను అడిగేది కాదు, ఫోన్ కూడా ముట్టేది కాదు. చేను వైపు వెళ్లి కాసేపటికి జవాబుతో వచ్చేది.

చండ్రుగొండ అవతల అడవి అంచునే ఆమె చేను. పోయినేడు మొక్కజొన్నంతా అడవిపందులే తినేశాయి. ఈసారి కంకి పట్టకముందే కంచె వేయించాలనుకుంది. కంచె రాళ్లకు, అదే కడీలకు, గుంతలు తీయడానికి వచ్చిన ట్రాక్టరాయన నేలను తొలిచే రెండు బిట్లు దించాడు. ఒకటి వెడల్పుది, ఇంకొకటి సన్నగా, రంపంలా పండ్లున్నది.

"ఏది పెట్టాలె అక్కా? లోపల గట్టిగుంటే వెడల్పుది వంగిపోతది."

"ఆగు, అడిగొస్త."

ఆ రోజు నేనూ వెంట వెళ్లాను. చేను చివర పెద్దనాన్న చేత్తో తవ్వి, బండ పడితే సగంలో వదిలేసిన బావి ఉంది. ఆమె అంచున కూర్చుని లోపలి గోడను పైనుంచి కిందికి చూసింది. జానెడు ఎర్రమట్టి, దాని కింద అంతా గట్టి మొరమే.

"పండ్లదే పెట్టు తమ్మీ," అంది తిరిగొచ్చి. గుంతలన్నీ దిగాయి, కంచె నిలిచింది.

అడగడమంటే ఇలా బావిలో మట్టి చూసి రావడమేనన్నమాట అనుకున్నాను. దసరాకు రెండు చీరలు తీసుకెళ్లి, ఆకుపచ్చది కావాలా, పసుపుదా అని అడిగాను.

"ఆగు, అడిగొస్త," అని రెండూ చంకన పెట్టుకుని బావి వైపు నడిచింది.