ఎడమకు లాగే తుపాకి

నయాపైసలు వచ్చిన రెండేళ్ళకు, ఒక శ్రావణ మాసంలో నాకు పెళ్ళయింది. కోవూరు పక్క పల్లె నుంచి దొరవారిసత్రం దగ్గరి చెరువుగట్టు ఊరికి కోడలిగా వచ్చాను. వచ్చిన మర్నాడు తెల్లవారి ఢామ్మని చప్పుడైతే ఉలిక్కిపడి లేచాను. వాకిలంతా తెల్లటి పొగ. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఇల్లు అంటుకుందనుకుని చెంబు పట్టుకుని బయటికి పరుగెత్తాను. పొగలోంచి మా మామగారి గొంతు వినిపించింది.

"పడిందా?"

"పడింది మామా!" అని పాకలోంచి పెద్ద తోడికోడలు. "పడింది!" అని వంటింట్లోంచి అత్తగారు. "పడింది నాయనా!" అని దూడను కట్టేస్తూ మా ఆయన. వాళ్ళలో ఒక్కరూ అటు తిరిగి చూడలేదు. చూసింది నేనే. పొగ పలచబడ్డాక ఒక అడవిపంది సజ్జచేలోంచి తాపీగా బయటికొచ్చి, మా ఇంటివైపు ఒకసారి తలెత్తి చూసి, తాటితోపులోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అదీ ఆ తుపాకితో నా మొదటి పరిచయం. మా మామగారి తండ్రి నాటిది. మూతిలోంచి మందు పోసి దట్టించే రకం. నడవాలో రెండు కొయ్యమేకుల మీద పడుకుని ఉండేది, ఇంట్లో పెద్దదిక్కులాగా. శుక్రవారం శుక్రవారం ఆయన దానికి కొబ్బరినూనె పట్టించేవారు. నా తలకు కూడా ఆ ఇంట్లో అంత శ్రద్ధగా నూనె పట్టించినవాళ్ళు లేరు.

దాని గొప్పతనం గురించి ఆయన చెప్పేది ఒకటి, నేను చూసింది ఒకటి. ఎనభై అడుగుల దూరాన తాటికాయ తొడిమను కొట్టిందట. అది మా పెళ్ళికి ముందు సంగతి కాబట్టి నేను కాదనలేను. నా కళ్ళముందు మాత్రం ఇరవై అడుగుల్లో మొద్దు మీద పెట్టిన పగిలిన కుండను కొట్టేది. నలభై అడుగులంటే దాని ఇష్టం. ఎప్పుడూ ఎడమకు లాగేది. అందుకని ఆయన పంది మీద గురి పెట్టాలంటే పక్కవాళ్ళ గడ్డివాము మీద పెట్టేవారు. ఆ గడ్డివాము వాళ్ళు మాతో మాట్లాడేవాళ్ళు కాదు.

ఒకసారి పేలిస్తే మళ్ళీ పేల్చడానికి నేను అన్నం వార్చి రావచ్చు. ఎద్దుకొమ్ములోంచి కొలత ప్రకారం మందు పోయాలి, కొబ్బరిపీచు కుక్కాలి, సీసపు గుళ్ళు వేయాలి, మళ్ళీ పీచు, మళ్ళీ కమ్మీతో దట్టించడం, చివరికి వెనకవైపు నిప్పురవ్వ పుట్టించే చిన్న రాగి టోపీ తొడగడం. ఇంత చేసి మీట నొక్కితే ముందు టోపీ 'టప్' మంటుంది. ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. అప్పుడు 'ఢాం'. ఆ మధ్యలో ఉన్న కాసేపు నాకు భలే ఇష్టంగా ఉండేది. గాలి ఆగినట్టు, పొలమంతా ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. పందికి కూడా ఆ వ్యవధి తెలుసు. అది చాలు దానికి, పక్కకు తప్పుకోవడానికి.

మందును ఎండబెట్టే పని నాకు వచ్చింది. పులికాట్ సరస్సు గాలికి ఉప్పే చెమ్మగిల్లిపోతుంది, ఇక మందు ఒక లెక్కా. పొయ్యికి దూరంగా, పెరట్లో పాతచీర పరిచి వడియాల్లాగా ఎండబెట్టి, కొమ్ములోకి ఎత్తి, మూతకు మైనం పెట్టేదాన్ని. మామగారు చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవారు. చల్లగా, ఉప్పగా తగిలితే ఎండినట్టు. "బాగా ఎండిందమ్మే" అనేవారు. ఆ మాట కోసం నేను ఎదురుచూసేదాన్ని. నాకు తల్లి లేదు. కూరకు గానీ, ముగ్గుకు గానీ ఎవరూ మెచ్చుకోని ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి మెప్పు అదే.

దీపావళి వానలు పడ్డాక ఆ తుపాకి మేకుల మీంచి దిగేది కాదు. చెరువులో కణప చెట్లు నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ఉండేవి. ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు వచ్చి వాటి మీద దిగేవి. కొమ్మకు నాలుగు గూళ్ళు. మనిషి చేయి పొడుగు ముక్కు, ముక్కు కింద సంచి. పొద్దుటి మంచులో అవి రెక్కలు చాపుకుని దిగుతుంటే చెట్ల మీద ఎవరో దుప్పట్లు ఆరేస్తున్నట్టు ఉండేది. నేను బిందె ముంచడం మరిచిపోయి చూస్తూ నిలబడేదాన్ని.

ఊరివాళ్ళకు అవి పక్షులు కావు. "పురిటికొచ్చిన ఆడబిడ్డలు" అని మా అత్తగారు చేతులెత్తి దండం పెట్టేది. ఆ చెట్ల కింది నీళ్ళు పారిన మళ్ళకు ఎరువు అక్కర్లేదు. పిల్లలు ఎగిరిపోయేదాకా చెరువు పక్క తుపాకి పేలకూడదు, డప్పు మోగకూడదు, పెళ్ళిళ్ళలో టపాకాయలు కాల్చకూడదు. ఒక్కసారి బెదిరి లేచాయంటే కాకులు గుడ్లు మిగల్చవు. ఆ తర్వాత అవి ఆ చెరువు ముఖం చూడవట. పందులు వేరుశనగ దున్నిపారేస్తున్నా మామగారు ఆ నాలుగు నెలలూ రేకుడబ్బా వాయించి తోలేవారు, అదీ ఊరి అవతలి పక్కన.

రెండో ఏడు నాకు ఏడో నెల. కడుపులో బిడ్డ, చెరువులో ఆ బిడ్డలు. పుట్టింట్లో పురుడు పోయడానికి ఎవరూ లేరు కాబట్టి కాన్పు అత్తవారింట్లోనే అని నిశ్చయమైపోయింది. నేను బయటికి ఏమీ అనలేదు గానీ, గూడబాతులను చూస్తే ఈర్ష్యగా ఉండేది. వాటికి మా ఊరు పుట్టిల్లు. నాకే కాదు.

అప్పుడే తుపాకి లైసెన్సు గడువు తీరింది. మళ్ళీ రాయించాలంటే పట్నం నుంచి వచ్చే ఒక ఆఫీసరు సంతకం కావాలి. ఆయన పాత తుపాకుల మీద మోజున్నవాడు. ఒక సాయంత్రం దీపం పెట్టే వేళ ఆయన మనిషి సైకిల్ మీద వచ్చి కబురు చెప్పాడు. పొద్దున్నే సారు జీపులో వస్తారు, తుపాకి పనిచేస్తుందో లేదో తానే పేల్చి చూస్తారు, చెరువులో గూడబాతును కొట్టి చూస్తారు.

సైకిల్ వెళ్ళిపోయాక అత్తగారు విరుచుకుపడింది. "పురిటికొచ్చిన ఆడబిడ్డ మీద తుపాకి పేల్పిస్తావా? నీకు కూతుళ్ళు లేరా?"

"సంతకం ఆయన చేతిలో ఉండాది. కాదంటే తుపాకి పట్టుకుని పోతాడు. మా నాయన చేతిది అది. నన్నేం చెయ్యమంటావే?" అన్నారు మామగారు.

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియదు. ఆ తుపాకి ఎలాగూ తగలదులే అని సర్దిచెప్పుకోబోయాను. కానీ కుదరలేదు. పంది ఒక్కటే ఉంటుంది, తప్పుతుంది. ఆ చెట్ల మీద ఆకులకంటే గూళ్ళే ఎక్కువ. గుళ్ళు విడివిడిగా చెదురుతాయి. ఎడమకు లాగినా ఎవరో ఒక తల్లి ఉంటుంది. మొదటిసారిగా ఆ తుపాకికి తప్పడానికి చోటు లేదు.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. గూట్లో మా పళ్ళపొడి డబ్బా ఉంది. ఊక మాడ్చి, ఉప్పు కలిపి నేనే దంచిన నల్లటి పొడి. కొమ్ములోని మందంతా ఒక ఆకులోకి వంపాను. పళ్ళపొడిని కొమ్ములోకి పోసి మైనం పెట్టాను. మరి మందు ఎక్కడ దాచాలి? చెమ్మ తగలని చోటు ఇంట్లో ఇంకోటి లేదు. దాన్ని పళ్ళపొడి డబ్బాలో పోసి మూత పెట్టేశాను. ఎంత తెలివి! పొద్దున్నే లేచి అందరూ పళ్ళు తోముకుంటారన్న సంగతి నా బుర్రకు తట్టలేదు.

తెల్లవారి నేను పేడ ఎత్తుతుంటే, అత్తగారు డబ్బా తెచ్చి మామగారి అరచేతిలో చిటికెడు వేయడం కనిపించింది. నా చేతిలో తట్ట జారింది. ఆయన వేలితో అద్ది నోట్లో పెట్టుకున్నారు. ఆగారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచి, పెరటి అవతల ఉన్న నావైపు చూశారు. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది. తర్వాత ఉమ్మేసి పుక్కిలించారు.

"ఏంది?" అంది అత్తగారు.

"ఉప్పెక్కువైందే" అన్నారు. అంతే. డబ్బా ఆమె చేతిలోంచి తీసుకుని, వేపపుల్ల విరుచుకోమని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

నేను బతికిపోయాననుకున్నాను. బిందె చంకన పెట్టుకుని చెరువుగట్టుకు వెళ్ళాను. మంచు నీళ్ళకు ఆనుకుని ఉంది. చెట్లు కాళ్ళు లేకుండా గాల్లో నిలబడినట్టున్నాయి. పైన గూళ్ళలో పిల్లలు గురగురమంటున్నాయి. కాసేపటికి జీపు చప్పుడు. ఆఫీసరు, ఆయన మనిషి, వెనక తుపాకి, కొమ్ము పట్టుకుని మామగారు.

మామగారు కొమ్ము మూత తీశారు. అలవాటు ప్రకారం చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నారు. ఆయనకు తెలియకపోవడం ఉండదు. ఇప్పుడు చెబుతారు, వేరే మందు తెప్పిస్తారు, అనుకున్నాను.

"మందు బాగా ఎండింది సార్" అని తుపాకిలో పోశారు. పీచు కుక్కి, గుళ్ళు వేసి, కమ్మీతో నిదానంగా, పద్ధతిగా దట్టించి, టోపీ తొడిగి అందించారు.

ఆఫీసరు దగ్గర్లో ఉన్న గూటి మీద గురి పెట్టాడు. 'టప్'.

అందరం ఎదురుచూశాం. ఆ తుపాకి సంగతి తెలిసినవాళ్ళకు అది మామూలే. గాలి ఆగింది. ఒక గూడబాతు మెడ తిప్పి రెక్కలో ముక్కు దోపుకుంది. ఇంకొకటి మంచులోంచి వచ్చి పిల్లల మీద మెల్లగా దిగింది. ఆ 'ఢాం' రాలేదు. నా జీవితంలో అంత పొడుగాటి నిశ్శబ్దం మళ్ళీ వినలేదు. ఇప్పటికీ కొన్ని తెల్లవారుజాముల్లో నేను ఆ గట్టు మీదే నిలబడి ఉన్నానేమో అనిపిస్తుంది.

టోపీ మార్చాడు. 'టప్'. మళ్ళీ మార్చాడు. 'టప్'.

"ఇంకో కొమ్ము మందు లేదా?" అన్నాడు ఆఫీసరు.

"లేదు సార్. ఉండేదంతా ఇదే" అన్నారు మామగారు.

"ఇది తుపాకా, రోకలిబండా? దీనికి లైసెన్సు కూడానా?" అని ఆయన తుపాకిని తన మనిషి చేతికిచ్చాడు. అది జీపు వెనకసీట్లో పడుకుని, మూతి బయటికి పెట్టి వెళ్ళిపోయింది. మామగారు జీపు మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. చేతిలో ఆ కొమ్మొకటే మిగిలింది.

నేను అడ్డదారిన ఇంటికి పరుగెత్తాను, మందును ఎక్కడైనా పారబోద్దామని. గూట్లో డబ్బా లేదు. పెరట్లో బావిపళ్ళెం మీద బోర్లించి ఉంది. శుభ్రంగా కడిగి ఉంది. నేను చెరువుకు వెళ్ళాక, జీపు రాకముందే ఆయనే కడిగేశారు.

ఆయన వచ్చి పంచలో కూర్చున్నారు. నడవాలో ఖాళీ మేకుల వైపు చూడలేదు. నేను మజ్జిగ తెచ్చి ఇచ్చి, నోరు తెరవబోయి ఏడ్చేశాను.

"మామా, మీ నాయన చేతిది..."

"ఊరుకో అమ్మే. కడుపుతో ఉండేదానివి. మా నాయనున్నా ఆ పళ్ళపొడే పోసుంటాడు" అన్నారు. మజ్జిగ తాగి, లోటా కింద పెట్టి, చెరువు వైపు చూశారు. మంచు విడిపోతోంది. ఆ వైపు నుంచి పిల్లల గోల మా పంచ దాకా వినిపిస్తోంది.

"పడిందా?" అని అడిగారు.

ఆ ఇంట్లో ఆ మాటకు ఎవరైనా చెప్పే జవాబు ఒకటే. ఏడాదిన్నరగా నేనూ అదే చెబుతూ వచ్చాను. ఆ రోజు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను.

"పడలేదు మామా. ఒక్కటి కూడా పడలేదు."