గడువు అడిగిన ఉత్తరం

నేను రాసిపెట్టే అర్జీల్లో ‘దయచేసి’ ఉండదు. ‘తమరి పాదాలకు’, ‘ప్రార్థించుచున్నాను’ లాంటివి అసలే ఉండవు. రాయికి మొక్కడమే తప్పంటే, మనిషికి మొక్కడమేమిటని నలభై ఏళ్లు సభల్లో వాదించినవాణ్ణి. వనపర్తిలో బడిపంతులుగా రిటైరయ్యాక కూడా, ఇరుగుపొరుగు వాళ్లకు ఉత్తరాలు రాసిస్తూ ఈ పట్టుదల వదల్లేదు. ఆ పట్టుదలే ఒక ముసలాయన దుకాణం మూయించింది.

బస్టాండు వెనక సందులో ఆయన పుస్తకాలు బైండు చేసేవాడు. వీధంతా చాచా అని పిలిచేది, నేనూ అంతే. బడి రిజిస్టర్లు, వకీళ్ల పుస్తకాలు, మసీదు నుంచి వచ్చే గ్రంథాలు, భజన పుస్తకాలు, దేవుడు లేడని నేను అచ్చు వేయించుకున్న కరపత్రాలు, అన్నీ ఆయన చెక్క ప్రెస్సు కింద ఒకదాని మీద ఒకటి నలిగేవి. అట్టలంటించే మైదా లైలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి ఉడికించేవాడు.

“ఉన్నడన్నోన్ని, లేడన్నోన్ని ఒక్కతీరుగనే తింటది సార్ పురుగు” అని నవ్వేవాడు.

దుకాణం నడిపే ఆ మడిగ, ఆ ఒక్క గది, ఆయనది కాదు. ముప్పై ఏళ్ల కింద యజమాని నోటిమాట మీద కిరాయికిచ్చాడు. ఒక్క కాగితం ముక్క కూడా లేదు. ఆ పెద్దాయన పోయాక కొడుకు వచ్చి, పాత మడిగలు కూలగొట్టి కొత్తవి కడతాను, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. చాచా మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“నన్ను ఈడనే ఉండనియ్యమని రాయుండ్రి సార్. గంతే.”

“గట్ల రాస్తే బిచ్చమడిగినట్లుంటది చాచా.”

“మీరు దేవుని ముందట చెయ్యి చాపరు, మనిషి ముందట సుత చాపరు. మరి మీకిచ్చెటోడు ఎవడు సార్?”

ఇద్దరం నవ్వుకున్నాం. నేను కలం తీశాను.

‘ఉండనివ్వండి’ నాకు నచ్చలేదు. అందులో జోడించిన చేతులు కనిపించాయి. ‘కొనసాగించండి’ అనుకున్నాను. అది సర్కారు ఉత్తర్వులా ఉంది, ఆయన నోట ఇమడదు. ‘నిలబెట్టండి’ అంటే ఏదో కూలిపోతున్నట్లు. చివరికి ‘గడువును మూడు నెలలు పొడిగించగలరు’ అని రాశాను. సూటిగా ఉంది, దేబిరింపు లేదు. ముందు మూడు నెలలు దొరకనీ, ఈలోగా అతని మనసు మారుతుంది, మారకపోతే మళ్లీ పొడిగించుకోవచ్చు అని నా తర్కం. చదివి వినిపిస్తే చాచా అడిగాడు.

“మూడు నెలలైనంక?”

“మళ్ల రాద్దాం.”

“చదువుకున్నోళ్లు, మీకే ఎరుక” అని కింద ఉర్దూలో సంతకం పెట్టాడు.

యజమాని కొడుకు ఆ రోజే ఒప్పుకున్నాడు. గెలిచామని సంబరపడ్డాను. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడని, ప్రతిదాన్నీ ప్రశ్నించమని ఊరూరా చెప్పిన నేను ప్రశ్నించలేదు.

మూడు నెలలు నిండుతుండగా రెండో ఉత్తరం పట్టుకుని నేనే వెళ్లాను. అతను గొడవ పడలేదు. సందులోని దుకాణాల పెద్దలను నలుగురిని పిలిచాడు. అక్కడ మడిగల తగాదాలన్నీ వాళ్ల ముందే తెగుతాయి. ఏళ్ల తరబడి ఉన్నవాణ్ణి ఉట్టిగా ఖాళీ చేయించొద్దన్నది వాళ్ల కట్టుబాటు. అందుకే నాకంత ధైర్యం. అతను నా మొదటి ఉత్తరం జేబులోంచి తీసి, నింపాదిగా చదివాడు.

కిరాణా కొట్టు పెద్దమనిషి కళ్లద్దాలు తీసి నావైపు చూశాడు.

“మడిగ ఇడిసి పోతనని చాచానే రాసిచ్చిండు కద సార్. గడువడిగినంక ఇంగ మేమేం మాట్లాడాలె?”

ముప్పై ఏళ్లలో ఆ మడిగ గురించి పుట్టిన మొదటి కాగితం అది. రాసింది నేను. ఎదుటివాడి అసలు మాట ఒప్పేసుకుని కొసరు మీద కొట్లాడేవాళ్లను సభల్లో ఎంత ఎగతాళి చేశానో! పోవడం ఖాయమని ఒప్పుకుని, ఎప్పుడన్న దాని మీద బేరమాడాను.

ఖాళీ చేసిన రోజు చాచా నా నిఘంటువు తెచ్చిచ్చాడు. ఏడాదిగా బైండింగుకు పడి ఉన్నది. కొత్త అట్ట, వీపుకు నీలం గుడ్డ.

“మీరు ఇప్పిచ్చిన మూడు నెలలల్ల అందరియి అయిపోగొట్టిన సార్. ఒక్కటి సుత మిగల్లే.”

అది ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే తట్టుకునేవాణ్ణి.

పోయిన ఎండాకాలం గట్టు అనే ఊరికి వెళ్లాను. అక్కడ కూతురింట్లో ఉంటున్నాడు. చెక్క ప్రెస్సు వాకిట్లో ఉంది, దాని మీద కందికట్టె మోపు. ఇక్కడికొచ్చాక మనవరాలి నోటుబుక్కు ఒక్కటి కుట్టాడట. మాట్లాడుతున్నంతసేపూ ఆయన బొటనవేలు ఒళ్లో లేని కాగితాల అంచును సర్దుతూనే ఉంది.

ఒక్క మాట మారిస్తే మడిగ దక్కేదనడానికి రుజువేముందని దారి పొడుగునా నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కూలగొట్టదలచినవాడు ఎట్లాగైనా కూలగొడతాడు. రుజువు లేనిదాన్ని నమ్మకూడదు. అయినా అడిగాను.

“ఉండనియ్యమనే రాసుంటే, ఉండనిచ్చేటోడా చాచా?”

ఆయన వాకిట్లోని ప్రెస్సు వైపు చూశాడు.

“ఏమో సార్, తెల్వదు. మనం అడగనే లేదు కద.”