ఎడమకాలి వేళ్ల సందున

దయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని. పోలీసు ఉద్యోగంలో ఎన్నో శవాల పక్కన కూర్చుని పంచనామాలు రాశాను. ఒక్కటీ నాతో మాట్లాడలేదు. పులివెందుల దగ్గర చీనీ (బత్తాయి) తోటలో జరిగింది మాత్రం వేరు.

అప్పుడు నేను హెడ్ కానిస్టేబుల్‌ని. పొద్దున ఎనిమిదింటికి వెళ్లాం. బోరు షెడ్డులో నేల మీద పరిచిన గోనెసంచులపై గంగాధర్ అనే రైతు చనిపోయి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. నోటి పక్కన ఎండిన నురగ. చొక్కా నిండా పురుగుమందు వాసన. పక్కనే, ముందురోజు భార్య తెచ్చిచ్చిన అన్నం క్యారియర్.

"అన్నంలో మందు కలిపి మా అన్నను సంపింది సార్! దాన్ని ఇడ్సొద్దు" అని తమ్ముడు మా ఎస్సై ముందు అరుస్తున్నాడు.

భార్య సుజాతను జనం కొట్టకుండా దూరంగా రోడ్డు మీద జీపులో కూర్చోబెట్టాం. ఒళ్లో ఏడాది పాప. సుజాత ఏడవడం లేదు. "ఒక్కసారి ఆయప్ప మొగం సూపీక్కా" అని మాత్రం అడిగింది. నిజం చెప్పాలి, నాకూ ఆమె మీదే అనుమానం. నురగ, వాసన, క్యారియర్ అని రాసేశాను.

అప్పుడు నా చెవి పక్కనే ఒక మగగొంతు.

"ఎడమకాలి ఏళ్ల సందున సూడక్కా."

తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఎస్సై బయట ఫోనులో ఉన్నారు. సాక్షులుగా పిలిచిన ఇద్దరు రైతులు వాకిలి దగ్గర నిలబడ్డారు.

"ఏందప్పా అంటాండారు?"

"మేమేం అన్లేదే మేడం."

కాళ్లకు బురద ఎండి ఉంది. ఎస్సైని పిలిచి, ఫోటోలు తీయించి, తడిగుడ్డతో తుడిచాను. చిటికెన వేలి సందున సూదితో గుచ్చినట్టు రెండు చుక్కలు. వాపు కూడా లేదు.

పోస్టుమార్టం చేసిన డాక్టరు కట్లపాము కాటన్నారు. నొప్పి కూడా తెలియకుండా నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చట. నురగ కూడా అందుకేనట. చొక్కా వాసన, ముందురోజు చెట్లకు మందు కొట్టినందుకు. కడుపులోగానీ క్యారియర్‌లోగానీ పురుగుమందు లేదని ల్యాబు రిపోర్టు కూడా వచ్చాక సుజాత బయటపడింది.

చాలా రోజుల తర్వాత ప్రొద్దుటూరు బస్టాండులో కనబడి, "నీకెట్ల తెల్సిందక్కా?" అని అడిగింది. అంతవరకు ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పాను.

"బాధ పడతా అన్యాడా?" అంది.

"లేదమ్మా, నిదానంగానే అన్యాడు."

అప్పుడు ఏడ్చింది.

అది ఆయన గొంతేనని నేను సాక్ష్యం చెప్పలేను. బతికుండగా ఆయన మాట నేనెప్పుడూ వినలేదు.