ముందు నన్ను అడిగిన అక్క

మా పక్కింటి అక్క పోయింది. కెన్యా నుంచి వాళ్ళ చెల్లెలు రాసిన ఉత్తరం మొన్న వచ్చింది. ఇంగ్లీషు ఉత్తరం కనుక మావారు చదివి చెప్పారు. మలేరియా జ్వరమట, నాలుగు రోజులే. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

మావారు నార్త్ కరోలినాలో చదువుకునే రోజుల్లో, యూనివర్సిటీ అపార్ట్‌మెంట్లలో ఆవిడది మా పక్క వాటా. ఆఫ్రికా పల్లెల్లో పనిచేసే యువ నాయకులకిచ్చే ఫెలోషిప్ మీద ఏడాదికని వచ్చింది. "లీడర్ అంటున్నారు, ఆవిడ గొంతు పక్క గదిలోకి కూడా వినపడదే!" అని మావారు నవ్వేవారు.

నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. ఎవరైనా తలుపు కొడితే వంటింట్లోకి పోయేదాన్ని. ఆవిడ తలుపు కొట్టలేదు. ఒకరోజు గిన్నెతో మెట్ల మీద కూర్చుని తింటోంది. కిటికీలోంచి చూశాను. మొక్కజొన్నపిండి సంకటి! వేళ్ళతో ముద్ద చేసి, మధ్యలో గుంట నొక్కి, ఆకుకూర ముంచుకుంటోంది. అచ్చం మా అనంతపురంలో రాగిసంకటి తిన్నట్టే. నేనే బయటికి వచ్చాను. 'చెల్లీ' అని పిలవడం ఆవిడకు నేర్పింది నేనే. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ నేర్పింది ఆవిడ. వాటితో, సైగలతోనే మా మాటలన్నీ.

ఎవరింటికి వెళ్ళినా ఒలవడానికి చిక్కుడుకాయలో, మడతపెట్టడానికి ఉతికిన గుడ్డలో ముందు వేసుకునేది. "ఉత్త చేతులతో మాట్లాడితే ఉపన్యాసమైపోతుంది" అనేది.

ఆ చలికాలం కింద గదిలోని బట్టలుతికే మిషన్లు రెండు పాడై నెలలు గడిచాయి. చంటిపిల్లల తల్లులం మంచులో రోడ్డు దాటి వెళ్ళి ఉతుక్కునేవాళ్ళం. ఉన్నచోటే ఇరుగుపొరుగును కలిపి ఒక పని సాధించి చూపడం ఆవిడ ఫెలోషిప్‌లో పరీక్ష. ఆవిడ దీన్నే ఎంచుకుంది. ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టింది. హౌసింగ్ ఆఫీసరూ, ఆవిడ ప్రొఫెసరూ వచ్చారు.

"మీరే చెప్పండి" అన్నాడు ఆఫీసరు ఆవిడతో.

ఆవిడ నా వైపు తిరిగింది. "చెల్లీ, ముందు నువ్వు."

"వద్దక్కా, నువ్వే చెప్పు."

"నేను మేలో వెళ్ళిపోతాను. బట్టలు ఉతుక్కునేది నువ్వు."

అంతే, ఇక నోరు విప్పలేదు. ప్రొఫెసరు వాచీ చూసుకున్నారు. మేమెవరమూ మాట్లాడకపోతే ఆవిడ ఏడాది కష్టం వృథా. లేచాను.

"సర్, టూ మిషన్ నో వర్క్. బేబీ క్లోత్స్. స్నో." ఇంకేం చెప్పాలో తోచలేదు. "కమ్ సర్, ఐ షో" అని మెట్లు దిగాను. ఆఫీసరు నా వెనకే దిగాడు. ఆయన వెనక అందరూ. తర్వాతి వారం మిషన్లు బాగయ్యాయి.

"నేను లేవకపోయుంటే ఏం చేసేదానివక్కా?" అని అడిగాను.

"ఇంకాసేపు కూర్చునేదాన్ని" అంది.

ఉత్తరంతో వాళ్ళ చెల్లెలు ఒక ఫోటో పంపింది. ఏదో ఊళ్ళో మీటింగు. ఒక ముసలావిడ నిలబడి చెయ్యెత్తి మాట్లాడుతోంది. ముందు వరసల్లో అక్క కోసం వెతికాను, కనపడలేదు. అందరికన్నా వెనక నేలమీద కూర్చుని ఉంది. ఎవరి తలగుడ్డో అడ్డొచ్చి సగం ముఖమే పడింది. ఆ సగం ముఖమూ ముసలావిడనే చూస్తోంది.