ట్యూబు డాక్టరు

మా బావ డాక్టరు కాడు. మందుల షాపు కౌంటరు వెనక ఇరవై రెండేళ్లు నిలబడ్డాడు, అంతే. డాక్టరు చీటీ చదవడం వచ్చింది కాబట్టి వైద్యం కూడా వచ్చేసిందని ఆయన నమ్మకం. గజ్జికి, చెమటకాయలకు, దోమకాటుకు, మొటిమలకు అన్నిటికీ ఒకటే మందు: మూడో అరలో ఉండే తెల్లటి ట్యూబు. పొద్దున రాస్తే సాయంత్రానికి దురద మాయం. వందమందిని చంపితేగానీ వైద్యుడు కాడంటారు. ఈయన ఆ పని ఇంటి నుంచే మొదలుపెట్టాడు. వీధిలోవాళ్లు వెటకారంగా "ట్యూబు డాక్టరు" అంటే సిగ్గుపడకపోగా మీసం దువ్వేవాడు.

మా మేనకోడలికి పంతొమ్మిదో ఏట బుగ్గల నిండా మొటిమలు లేచాయి. చర్మం డాక్టరుకు చూపిద్దామని అక్క అంటే, "ఇంట్లో నేనుండగా ఇంకొకడి గుమ్మం తొక్కాలా?" అని మండిపడి ట్యూబు ఇచ్చాడు. రెండు వారాలకు మొహం అద్దంలా మెరిసింది. తర్వాత రాయడం మానితే మంట, రాస్తే చల్లన. అలా ఎనిమిది నెలలు గడిచాయి. బుగ్గలు ఎర్రగా కమిలి, తోలు పలచబడి, లోపలి సన్నటి నరాలు పైకి కనిపించసాగాయి. ఎండ తగిలితే పిల్ల ఏడ్చేది. చివరికి అక్క పట్టుబట్టి అందర్నీ బయల్దేరదీసింది. నేనూ వెంట వెళ్లాను.

డాక్టరమ్మ భూతద్దంలోంచి బుగ్గలు చూసింది. ట్యూబు తిప్పి చూసింది.

"ఎవరిచ్చారిది?"

మా బావ గోడ మీది పటాన్ని పరీక్షకు చదువుతున్నట్టు చూస్తూ, "ఎవరో తెలిసినవాళ్లు చెప్పారండీ" అన్నాడు.

"ఆ తెలిసినవాళ్లకి బుద్ధుందా? ఇది స్టెరాయిడ్. మానేశాక కొన్నాళ్లు ఇంకా ఎర్రబడుతుంది, ఆ తర్వాతే తగ్గుతుంది. నెలలు పడుతుందమ్మా."

పిల్ల తండ్రి వంక చూసింది. ఆ మనిషి తల తిప్పలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

బయటికి రాగానే కూతురితో ఆయన అన్న మొదటి మాట ఇది: "అమ్మలూ, తగ్గేదాకా షాపుకి రాకు. జనం చూస్తే ఏమనుకుంటారు?" రోజూ సాయంత్రం షాపులో బిల్లులు కొట్టేది ఆ పిల్లే మరి. కన్నబిడ్డ మొహం పాడైందని కాదు, తన పరువు పోతుందని ఆయన ఏడుపు. ఛీ!

మర్నాడు సాయంత్రం నేను తలనొప్పి మాత్ర కోసం షాపుకు వెళ్లాను. ఒకావిడ తన కూతుర్ని చూపించి, "మొటిమలొచ్చాయన్నా, ఏదైనా ఇవ్వు" అంటోంది. మా బావ చెయ్యి ఎప్పటిలాగే మూడో అర మీదికి పోయింది. డాక్టరమ్మ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడన్నమాట. అప్పుడే మేనకోడలు మెట్లెక్కి వచ్చి లైటు కింద నిలబడింది.

"పిన్నీ, అది రాస్తే రెండు వారాలకి మెరుస్తుంది. ఎనిమిది నెలలకి ఇలా అవుతుంది" అని తన బుగ్గ చూపించింది.

ఆవిడ కూతురి చెయ్యి పట్టుకుని గబగబా దిగి వెళ్లిపోయింది.

"కన్నకూతురివై ఉండి నా నోట్లో మట్టి కొడతావా? ఇంటికి పో!" అని బావ అరిచాడు.

పిల్ల కదల్లేదు. బిల్లుల దగ్గరి కుర్చీ లాక్కుని, వీధివైపు మొహం పెట్టి కూర్చుంది.

"తగ్గేదాకా రోజూ ఇక్కడే కూర్చుంటాను నాన్నా."