గంజి పెట్టిన గుడ్డ వెనక పాట

మామ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను జగిత్యాలలో, నేను పనిచేసే చెవుల దవాఖానలో ఒక పెద్దమనిషికి హెడ్‌ఫోన్లు పెట్టి, "సప్పుడు ఇనవడంగనే చెయ్యెత్తు తాతా" అని చెబుతున్నాను. బల్లమీద ఫోను కదిలింది. కోరుట్లాయన. మామ స్నేహితుడు, పొద్దున పూట ఫోన్ చేసే మనిషి కాదు. తీయగానే "బిడ్డా, అన్న పోయిండే" అన్నాడు. అద్దం అవతల ఆ తాత నేనింకా ఏ శబ్దమూ పంపకముందే చెయ్యెత్తి కూర్చున్నాడు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. సిరిసిల్లలో ఇంటి ముందు షెడ్డులో మరమగ్గాలు, వెనక మూడు గదులు. పుట్టింది చేనేత ఇంట్లో, బతికిందంతా పవర్‌లూముల మోతలో. లంగాలకు వేసే తెల్లగుడ్డ నేసే మనిషిగానే ఊళ్లో ఆయన అందరికీ తెలుసు. ఆయన ప్రాణం మాత్రం మధ్య గదిలో చెక్కబల్ల మీద ఉండేది. అది ఒక పాత వాల్వుల యాంప్లిఫయర్. వేములవాడలో పెళ్లిళ్లకు మైకుసెట్టు కిరాయికిచ్చే ఒకాయన ఇంట్లో మూలన దుమ్ము పట్టి ఉంటే అడిగి తెచ్చుకున్నాడు. స్విచ్చి వేస్తే లోపలి గాజు బుడ్లు మెల్లగా ఎర్రబడేవి; వాల్వులన్నా, ట్యూబులన్నా అవే. అవి వేడెక్కేదాకా పాట రాదు. ఆ కాసేపూ మామ ఎవరినీ మాట్లాడనిచ్చేవాడు కాదు.

"పాట ఎవలైన ఇంటరు. పాట రాకముందటి సప్పుడు ఇనుండ్రి" అనేవాడు.

గుమ్మని ఒక సన్నపాటి మోత ఉండేది అందులో. "అది ఖరాబు కాదా మామా?" అని ఒకసారి అడిగాను. "ఖరాబే. మనిషి ఊపిరి దీస్తే గూడ సప్పుడు అస్తది గదనే, గట్లని ఊపిరి బంద్ జేసుకుంటమా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా ఫ్రిజ్జు మోత కూడా వినడం అలవాటైంది.

మగ్గాలు బంద్ ఉండే ఆదివారం మధ్యాహ్నం కోరుట్లాయన వచ్చేవాడు. రైతుల ఇంటి మనిషి, చాలా ఏండ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చాడు. ఆయన తిరిగొచ్చిన రోజు ఇంట్లోవాళ్లు అంత పెద్ద మూటలో ఏముందోనని చుట్టూ మూగితే, దుప్పట్లు విప్పి ఒక జత స్పీకర్లు బయటికి తీశాడట. ఆయన భార్య ఆ దుప్పట్ల సంగతి ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. వేములవాడలో ఒక రేడియో రిపేరు దుకాణం ముందు, ఒకే రకం వైరు కోసం ఎదురుచూస్తూ వీళ్లిద్దరూ కలిశారు. బస్సు వచ్చేలోపే వాల్వుల సెట్టు గొప్పదా, ట్రాన్సిస్టర్ల సెట్టు గొప్పదా అని తగువు మొదలైంది. అది చివరిదాకా తెగలేదు.

"ట్యూబుల సౌండు మెత్తగుంటది తమ్మీ" అని మామ.

"మెత్తగ గాదన్నా, మబ్బుగుంటది" అని ఆయన.

"నీ డబ్బాల మరి గింత గూడ ప్రేమ లేదు. అంత లెక్కనే."

"పాట ఎట్ల పాడిన్రో గట్లనే రావాలె. నడుమ నీ ప్రేమ దేనికి?"

స్పీకర్లు మాత్రం ఏ ఒక్కరివీ కావు, ఉమ్మడివి. కోరుట్లాయన ఆ దుప్పట్లలో తెచ్చిన జతను మామ ఇంట్లోనే ఉంచాడు, ఏ సెట్టు తెచ్చి పెట్టినా పోల్చి చూడటానికి. ఇద్దరి గొంతులూ పెరిగితే మామే తగ్గేవాడు. "వాల్వు వేడెక్కినంకనే నోరిప్పుతది. మనిషి వేడెక్కితే నోరు మూసుకోవాలె" అని చాయ్ అడిగేవాడు.

చాయ్ తెచ్చేది అత్త. పాట గట్టిగా మోగుతున్నా "ఏం పాట నడుస్తున్నది?" అని అడిగేది. వీళ్ల పిచ్చిని ఆటపట్టిస్తోందనుకుని అందరం నవ్వేవాళ్లం. గ్లాసులిచ్చి, స్పీకరు డబ్బా మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడి, మళ్లీ వంటింట్లోకి పోయేది. వయసులో ఉన్నప్పటినుంచీ మగ్గాల పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టిన మనిషి. పని దగ్గర ఆమెకు చాదస్తం ఎక్కువ. కుక్కర్ పొయ్యిమీద పెడితే దాని ముందునుంచి కదిలేది కాదు. ఆవిరి పైకి ఎగిసిన ప్రతిసారీ ఒక వేలు మడిచేది. ఎవరు పిలిచినా తిరిగి చూసేది కాదు.

తగువు నిజంగా ముదిరింది ఒక్క గుడ్డ దగ్గర. స్పీకర్ల ముందరి జాలీగుడ్డ చిరిగిపోయింది. నేను నేస్తానన్నాడు మామ. ఎంతో ఇష్టంగా, దారానికీ దారానికీ మధ్య సందులు వదిలి పలచగా నేశాడు. అంత పలచటి గుడ్డలో దారాలు జరగకుండా ఉండాలని చిక్కగా గంజి పెట్టాడు. చెక్కచట్రానికి బిగించి గోటితో కొడితే డప్పు చర్మంలా మోగింది. ఆ వారమంతా వచ్చిన ప్రతివాళ్లకూ పాట కంటే ముందు ఆ గుడ్డనే చూపించాడు. నేనూ మెచ్చుకున్నాను, ఎందుకంటే చూడటానికి నిజంగా బాగుంది.

కోరుట్లాయన వచ్చి విన్నాడు. ముఖం ముడుచుకున్నాడు.

"అన్నా, పైసౌండంత పోయింది. గజ్జెలు లేవు, తాళాలు లేవు. నీ ట్యూబులు ముసలివైనయి."

"అన్ని మంచిగనే ఉన్నయి. నీ చెవులల్ల ఇసుక నిండింది."

"నా చెవులు కాదన్నా, నీయి సూపిచ్చుకో."

ఆ మాట మామకు తగిలింది. మగ్గపోళ్ల చెవుల గురించి బయటివాళ్లు హేళనగా మాట్లాడటం ఆయన చిన్నప్పటినుంచీ విన్నదే. "అయితే ఇనేటోళ్ల తానికే పో" అన్నాడు. కోరుట్లాయన చాయ్ తాగకుండానే లేచాడు. తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మామ సెట్టు ఆన్ చేసి, బుడ్లు ఎర్రబడ్డాక, పాట పెట్టకుండానే ఆపేసేవాడని అత్త ఫోనులో చెప్పింది. పాటను ఎప్పుడూ పట్టించుకోనట్టు కనబడే ఆమే, "నువ్వన్న జెర చెప్పవే, ఇల్లు ఇల్లు లెక్క లేదు" అని బతిమాలింది.

నేను చెప్పేలోపే మామ జగిత్యాల బస్సెక్కి మా దవాఖానకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తల దువ్వుకుని, పందెం గెలవబోయే మనిషిలా ఉన్నాడు. "కోడలా, నా చెవులు చూడు. చూసి గా కోరుట్లోనికి ఫోన్ల చెప్పు, మా మామ చెవులు పక్కాగున్నయని" అన్నాడు.

గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. కింది శబ్దాలు, బొంగురువి, పంపితే ఠక్కున చెయ్యెత్తాడు. చాలామందికి అందనంత మెల్లగా పంపినా పట్టుకున్నాడు. నాకు గర్వంగా అనిపించింది. తర్వాత పై శబ్దాలకు, సన్నటివాటికి వచ్చాను. మామ కళ్లు మూసుకుని, పెదవి మీద చిన్న నవ్వుతో, మోకాలి మీద చెయ్యి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. నేను పంపుతూనే ఉన్నాను. పెంచుతూనే ఉన్నాను. ఆ చెయ్యి లేవలేదు. కాసేపటికి కళ్లు తెరిచి అద్దంలోంచి నావైపు చూశాడు.

"ఇంక వేడెక్కలేదా కోడలా, నీ మిషిను?"

మిషన్ ఆపి ఆయన ఉన్న గదిలోకి పోయాను. రోజూ ఎందరికో చెప్పే మాటే. పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. మగ్గాల మోత ముందుగా సన్నటి శబ్దాలనే తీసుకుపోతుందని, పోయినట్టు మనిషికి తెలియదని, అన్నీ వింటున్నాననే అనుకుంటాడని.

మామ తన చేతులు చూసుకున్నాడు. "అయితే గిన్నేండ్ల సంది నేను ఏం ఇన్నట్టు?" అన్నాడు.

ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఏడవలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు. "సరే, మరి గా పైన ఏమేం ఉంటయో చెప్పు" అని మొదలుపెట్టాడు. తాళాలు కొట్టాక చివర్లో మిగిలే జల్లు, మాటల్లో స, ష లు, కుక్కర్ విజిలు, గజ్జెలు అని చెప్పుకుంటూ పోయాను.

"కుక్కర్ మీ అత్త చూసుకుంటది తియ్యి. గజ్జెలు ఎట్లుంటయి? చిన్నప్పుడు ఇన్న గావచ్చు, యాదికి లేదు."

గజ్జెలు ఎలా ఉంటాయో మాటల్లో చెప్పడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. వినికిడి మిషన్ రాసిచ్చాను. "దీంట్ల గూడ వాల్వులుంటయా?" అని అడిగి తీసుకున్నాడు. తర్వాత మాటలకు అది పెట్టుకునేవాడు, పాటకు మాత్రం తీసి జేబులో వేసుకునేవాడు. పాట ఇంకో డబ్బాలోంచి రావడం ఆయనకు ఇష్టం లేదు.

అక్కడినుంచి ఇంటికి పోలేదు. నేరుగా కోరుట్ల బస్సెక్కాడు. మిగతా సంగతి కోరుట్లాయన చెప్పగా విన్నదే. గడపలో నిలబడి, లోపలికి కూడా రాకుండా, "తమ్మీ, పైసప్పుడు నాకు ఇనవడదట. నువ్వు చెప్పిందే నిజం గావచ్చు. ఒకసారి అచ్చి ఇను" అన్నాడట. కోరుట్లాయన చెప్పులు వేసుకుని ఆయన వెంటే నడిచాడట.

సిరిసిల్లలో ట్యూబులన్నీ విప్పి, తుడిచి, మళ్లీ పెట్టారు. తేడా లేదు. వైర్లు మార్చారు. తేడా లేదు. కసికొద్దీ కోరుట్లాయన గుడ్డచట్రం ఊడబీకాడు. ఒక్కసారిగా "అన్నా! అచ్చినయి! గజ్జెలు అచ్చినయి!" అని అరిచాడు. మామ గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. ఎంతో జాగ్రత్తగా వదిలిన ప్రతి సందులోనూ గంజి ఎండి పొరకట్టి ఉంది. జీవితమంతా నూలుకు పెట్టే గంజితో బతికిన మనిషి, గుడ్డ బిర్రుగా ఉంటేనే మంచిదనుకున్నాడు. ఆ బిర్రు వెనక పాట ఊపిరాడక ఉంది. అత్త వచ్చి ఆ గుడ్డను లాక్కుని, వేడినీళ్లలో నానేసి, రెండుమూడుసార్లు పిండి ఆరేసింది. మామ నవ్వీ నవ్వీ కండ్లలో నీళ్లు తెచ్చుకున్నాడట. "నేసినోనికి చెవుల్లేవు, ఇన్నోనికి నేత తెల్వది. ఇద్దరం సరిపోయినం" అన్నాడట.

ఆ రోజునుంచి వాళ్ల ఆదివారం మారింది. ఆ ఇంటికి పోయినప్పుడల్లా నేను చూసేదాన్ని. పాట నడుస్తుంటే కోరుట్లాయన పక్కనే కూర్చుని చెవి దగ్గరికి వంగి చెప్పేవాడు: "ఇగో, ఇప్పుడు గజ్జెలు... పోయినయి... ఇప్పుడు తాళం, చివర్ల సన్నగ సాగుతున్నది." మామ కళ్లు మూసుకుని తల ఊపేవాడు. ఒక్కోసారి కోరుట్లాయన మరిచిపోతే మామే కళ్లు తెరిచి చెయ్యెత్తి "ఆడ ఏమో అయ్యింది గద?" అనేవాడు. చాలాసార్లు నిజంగానే అక్కడ ఏదో ఉండేది. ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. కోరుట్లాయన ముఖంలో చదివేవాడేమో. తగువు మాత్రం మానలేదు. "నువ్వు చెప్పుతున్న గజ్జెలు నా సెట్టువే, నీ డబ్బాల గింత మంచిగ రావు" అనేవాడు, తనకు వినబడని గజ్జెల గురించి.

వాల్వా, ట్రాన్సిస్టరా అన్నది నేనెప్పుడూ తేల్చుకోలేదు. నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. ఒకరోజు మా ఇంట్లో పైసౌండు బటన్ పూర్తిగా తగ్గించి, స్పీకరు మీద దుప్పటి కప్పి, మామ ఇష్టపడే పాట విన్నాను. వయొలిన్ ఎక్కడా లేదు. పాడే గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టుంది. మాటల అంచులు అరిగిపోయాయి. అయినా కింద ఒక వెచ్చటి మోత, తబలా, ఏదో పెద్ద వాయిద్యం నిలకడగా నడుస్తున్నాయి. ఇన్నేళ్లు ఆ పాట విని, అవి ఉన్నాయని కూడా నాకు తెలియదు. మామ విన్నది తక్కువ పాట కాదు. అది తెలిసి నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను.

దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిన మరునాడు కోరుట్లాయన వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఎవరినీ అడగకుండా మధ్య గదిలోకి పోయి సెట్టు ఆన్ చేశాడు. బుడ్లు ఎర్రబడ్డాయి. ఆ గుమ్మనే మోత వచ్చింది. ఇద్దరం దాన్నే విన్నాం. పాట మొదలైంది. ఆయన తన కుర్చీలో కూర్చుని, అలవాటుగా పక్కకు వంగి, "ఇగో అన్నా, గజ్జెలు అచ్చి..." అని ఆగిపోయాడు. తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

అత్త చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. గ్లాసులు కింద పెట్టి, వచ్చి మామ కుర్చీలో కూర్చుంది. ఉతికి ఉతికి మెత్తబడిన స్పీకరు ముందరి గుడ్డమీద అరచెయ్యి ఆనించింది.

"ఆపినవేంది తమ్మీ? చెప్పు" అంది. "నాకు గూడ ఇనవడదు. నువ్వు ఆయినకు చెప్పుతుంటే నీ మూతి చూసుకుంట వంటింట్ల నుంచి తెలుసుకుంటుంటి."

కోరుట్లాయన నావైపు చూశాడు. నేను అత్త వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, కుర్చీ ఆమెకు ఎదురుగా తిప్పుకుని, "ఇగో వదినా, ఇప్పుడు గజ్జెలు" అన్నాడు.

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. అత్త తల తిప్పలేదు. ఆయన ముఖం వైపే చూస్తూ, "ఇప్పుడేమచ్చింది?" అని అడిగింది.